బాగున్న కంటికి పట్టి

"నాలుగు నెలలైనా ఎడమ కంటి చూపు ఏమీ పెరగలేదు" అని కరీంనగర్‌లో కంటి డాక్టరు అనేసరికి జ్యోతిరాణి ఉలిక్కిపడింది. ఒళ్లో కూర్చున్న ఐదేళ్ల కూతురు అలేఖ్య మాత్రం గోడ మీది బొమ్మలను, పరీక్షకని పట్టి తీసిన కుడి కంటితో హాయిగా చూస్తోంది.

"కుడి కంటికి పట్టి రోజూ వేస్తున్నారా అమ్మా?"

"పొద్దుగాల నా చేతులతోనే అంటిస్తున్న సార్... కంట్ల రోగం లేదంటిరి, అద్దాలు పెట్టినం. మరి చూపెందుకు వస్తలేదు?"

"చూసేది కన్నొక్కటే కాదమ్మా, మెదడు కూడా. పుట్టినప్పటి నుంచి ఎడమ కన్ను మసకగానే చూపించింది. మెదడు దాన్ని పట్టించుకోవడం మానేసింది. మంచి కన్ను మూస్తేనే ఎడమదానికి పని దొరుకుతుంది. ఏడెనిమిదేళ్లు దాటితే నేర్పడం చాలా కష్టం."

చూడటం కూడా నడకలాగా నేర్చుకోవాలా! బస్సులో జ్యోతిరాణి ఒక కన్ను మూసి చూసింది, తర్వాత రెండోది. తనకు రెండింటితోనూ ఒకేలా కనిపిస్తుంటే ఏడుపొచ్చింది.

మర్నాడు ఆమె నూలు కండెలు చుట్టే మగ్గాల షెడ్డులో కరెంటు పోయింది. పెందలాడే ఇల్లు చేరేసరికి, అత్త మల్లక్క మనవరాలికి అన్నం తినిపిస్తోంది. పట్టి ఎడమ కంటి మీద ఉంది.

"అత్తమ్మా... గిదేంది?"

"నువ్వు పోంగనే మారుస్తున్న, వచ్చే యాళ్లకు మళ్ల గటు పెడ్తున్న" అంది మల్లక్క, దాచకుండా. "పోగు తెగినకాడ ముడేస్తం గని, మంచిగున్నకాడ ఏస్తమా? మంచి కన్ను మూస్తే పోరి గోడలకు తాకుతుంది. నా పాణం ఒప్పలే బిడ్డా."

నాలుగు నెలలు! జ్యోతిరాణికి ఒళ్లు మండిపోయింది. కానీ నలభై ఏళ్లు మగ్గం మీద పోగులు ముడేసిన ఆ చేతులను చూసి అత్త పక్కనే కూర్చుంది.

"గది తెగిన పోగు కాదత్తమ్మా, పని నేర్వని చెయ్యి. పనంతా మంచి చెయ్యే చేస్తే అదెప్పుడు నేర్వాలె?" అంటూ డాక్టరు మాటలన్నీ చెప్పింది.

మల్లక్క అన్నం గిన్నె కింద పెట్టింది. తర్వాత పట్టి తీసి తానే కుడి కంటికి అంటించింది. పిల్ల ఏడ్చింది, తడుముకుంటూ గిన్నె తన్నేసింది. మల్లక్క పట్టి జోలికి పోకుండా చేతులు ఒళ్లో ముడుచుకుని కూర్చుంది.

అప్పటి నుంచి రోజూ దారం ముక్కలు ముందు పోసి, సన్నవి వేరు, లావువి వేరు ఏరమనేది. మొదట్లో పిల్లకు అన్నీ ఒక్కటే.

మూడో నెలలో ఒక సాయంత్రం అలేఖ్య ఒక్కటీ తప్పకుండా దారాలన్నీ ఏరి తలెత్తింది. "బాపమ్మా, నీ కండ్లల్ల నీళ్లేంది?"

మల్లక్క చప్పుడు లేకుండా ఏడుస్తోంది. జ్యోతిరాణి గబగబా వచ్చి కూతురి ముఖం చూసింది. పట్టి కుడి కంటి మీదే ఉంది.

మల్లక్క కళ్లు తుడుచుకోలేదు. "మంచిగ చూసి చెప్పు బిడ్డా... ఏ కంట్ల?"

అలేఖ్య దగ్గరికి జరిగి, అద్దాలు సర్దుకుని చూసింది.

"రెండిట్ల."