పన్నెండో కోటు

ఆ సందు చివర టైలరు ఇంటి పెరటి వైపు పొద్దుగూకాక ఎవరూ వెళ్లరు. ఇస్త్రీ తాతైతే బట్టల మూట నెత్తిన పెట్టుకుని సందంతా చుట్టి పోతాడు గానీ, ఆ గోడ పక్కన అడుగు పెట్టడు. ఈ కథ ఆయన నోటి నుంచి వచ్చిందే. ఉప్పూ కారం ఎంత కలిపాడో ఆయనకే తెలియాలి.

వేసవి చివరి రోజులు. రాత్రి పది దాటిందంటే ఆ పెరట్లో... గలగల. పొద్దున చూస్తే నేల మీద కొత్తగా తవ్విన గోతులు. ఎవరు తవ్వారో, ఏం వెతికారో తెలియదు.

చప్పుడు దేనిదో మాత్రం సందులో అందరికీ తెలుసు — గుండీల డబ్బాది. టైలరు భార్య ఏ గదిలోకి వెళ్లినా ఆ రేకు డబ్బా చంకలో ఉండాల్సిందే. ఆవిడ ఎటు నడిస్తే అటు గలగలలాడేది. ఆవిడ పోయి నెల. చప్పుడు మొదలై మూడు వారాలు. ఇక వేరే చెప్పాలా?

అందరూ ఆ చప్పుడుకి జడుసుకుంటుంటే టైలరు ఒక్కడే దాని కోసం కాచుకుని కూర్చునేవాడు.

ఆవిడ పోయిన రాత్రి... తెల్లారేసరికి హోటలు వాళ్లకి పన్నెండు కోట్లు ఇవ్వాలి. అతను మిషను మీద, ఆవిడ గుండీల మీద. ఒళ్లు కాలిపోతోందండీ, ఆస్పత్రికి వెళ్దాం అని ఆవిడ రెండుసార్లు అడిగింది. "ఈ పన్నెండోదీ అయిపోనీవే, వెళ్దాం" అన్నాడు. మిషను ఆపకుండానే అన్నాడు. మూడోసారి అడిగిందో లేదో అతనికి తెలియదు. తిరిగి చూసేసరికి ఆవిడ పన్నెండో కోటు ఒళ్లో పెట్టుకుని గోడకి ఒరిగిపోయి ఉంది. ఆస్పత్రిలో మళ్లీ కళ్లు తెరవలేదు.

పదకొండు కోట్లు వెళ్లిపోయాయి. పన్నెండోది ఒక్క గుండీ కూడా లేకుండా కొక్కేనికి వేలాడుతోంది. మిషను మీద కప్పిన గుడ్డ అతను తీయలేదు.

అప్పట్నుంచీ అత్తగారు ఇక్కడే ఉంటోంది. కూతురికి గుండీ కుట్టడం నేర్పింది ఆవిడే. చూపు పోయినా తడుముకుంటూ ఇప్పటికీ కుట్టేస్తుంది, సూదిలో దారం మాత్రం ఎవరో ఒకరు ఎక్కించి ఇవ్వాలి. పెరట్లో పురుగూ పుట్రా ఉంటాయి, లోపలికి రా నాయనా అని రోజూ అల్లుణ్ణి బతిమాలేది. అతను వింటేగా!

ఇంతలో ఇంటాయన కబురు పెట్టాడు. రేపు పొద్దున్నే కూలీలొస్తారు, పొదలు కొట్టించి పెరడంతా బండలు పరిపిస్తాను, ఈ దెయ్యం గొడవతో నా ఇంటి పరువు పోతోంది అని. అంటే ఇదే ఆఖరి రాత్రి.

ఆ పెరడంటే భార్యకి ప్రాణం. ఎండలు ముదిరి ఎక్కడా చుక్క నీరు దొరకని రోజుల్లో పగిలిన బేసిన్‌లో నీళ్లు పోసి పెట్టేది. ఉడతలు, పిగిలిపిట్టలు, తోక లేని ఓ ముంగిస — అన్నీ వచ్చి తాగిపోయేవి. నా చుట్టాలొచ్చారు చూద్దురు గానీ రండి అని పిలిచేది. అతను ఒక్కనాడైనా తొంగి చూసిన పాపాన పోలేదు. ఇప్పుడు మాత్రం రోజూ బేసిన్ నింపుతున్నాడు... ఆవిడకి దాహం వేస్తుందేమోనని.

ఆ రాత్రి చిలగడదుంపల పాదు పక్కన చతికిలబడ్డాడు. పది దాటింది... పదకొండు... ఆకు కదలడం లేదు.

గలగల.

ఆగింది. మళ్లీ... ఇంకొంచెం దగ్గరగా.

"వచ్చావా?" అన్నాడు.

చప్పుడు వచ్చిన వైపు మోకాళ్ల మీద జరిగాడు.

"నన్ను తిట్టవే. ఒక్కసారి నోరారా తిట్టి వెళ్లు... రేపట్నుంచి నువ్వు రావడానికి ఈ చోటు కూడా ఉండదు."

మట్టి గీకుతున్న చప్పుడు — అతని కాళ్ల దగ్గరే. తట్టుకోలేక టార్చి వేశాడు.

ముళ్లపంది!

నోట్లో దుంప, వెనక రెండు పిల్లలు. వెలుగు పడగానే ముళ్లన్నీ నిక్కబొడిచి ఒళ్లు విదిలించింది — గలగల. కాసేపు అతన్నే చూసి, వీడితో మనకేం పని అన్నట్టు వెళ్లి బేసిన్‌లో నీళ్లు తాగింది.

అది ఏటా వచ్చేదే. ఆవిడ చుట్టాల్లో అదీ ఒకటి. ఇన్నేళ్లూ మిషను మోతలో అతనికి వినపడలేదు, విన్న సందువాళ్లు ఆవిడ డబ్బాదే అనుకున్నారు, అంతే. ఇంకొకరైతే హమ్మయ్య అనుకునేవారు. అతను తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. ఆవిడ రాలేదు. ఈ మూడు వారాల్లో ఒక్క రాత్రీ రాలేదు.

ఎప్పటికో లేచి లోపలికొచ్చి లైటు వేశాడు.

అత్తగారు చాప మీద కూర్చుని ఉంది. పక్కన గుండీల డబ్బా మూత తీసి ఉంది. ఒళ్లో పన్నెండో కోటు.

"ఆరు గుండీలూ కుట్టేశాను నాయనా" అంది, చివరి దారం పళ్లతో తెంపుతూ. "దాని పని మధ్యలో ఉండిపోకూడదు."

అతను కోటు అందుకుని ఒక్కో గుండీ లాగి చూశాడు. గట్టిగా ఉన్నాయి. అప్పుడు అనుమానమొచ్చింది.

"సూదిలో దారం ఎవరు ఎక్కించారత్తయ్యా?"

"అదేం ప్రశ్న నాయనా? నువ్వేగా, ఇందాకట్నుంచీ పక్కనే కూర్చుని ఎక్కించి ఇస్తున్నావు... నోరు మెదపకుండా." అతని కోసం గాల్లో చెయ్యి చాచింది. "నీ చెయ్యి తగిలితే నిప్పులా కాలిపోతోంది. కోటు అయిపోయిందిగా... ఇకనైనా ఆస్పత్రికి పద."

టైలరు తన చేతులు చూసుకున్నాడు. రెండూ చల్లగా, మట్టి కొట్టుకుని ఉన్నాయి.