తుప్పు లేని గుండె

నలభై మూడో మనిషి నాలుక చాపాడు. సుభాషిణి తుప్పుకొలతను ఆనించి అంకె చదివింది. పదకొండు. పచ్చదీపం వెలిగింది. రెండు నారింజరంగు గోళీలు అతని అరచేతిలో పడ్డాయి. ఆమె కళ్ళెదుటే ఒకటి మింగి, రాత్రికి రెండోది జేబులో వేసుకుని పక్కకు తప్పుకున్నాడు.

భీమిలి తీరకేంద్రంలో ఉదయమంతా ఇదే పని. రక్తనాళాలు తుప్పు పట్టడం వల్లే గుండె ఆగుతుందని, ఊరి గుండెల లెక్క చూసే యంత్రం హృదయపాలిక ఎప్పుడో తేల్చేసింది. ఆ తుప్పును కడిగే విటమిన్ గోళీలు ఊరందరికీ ఉచితం. అంకె ముప్పై దాటితేనే నాళశోధన అనే పెద్ద పరీక్షకు వరుసలో చోటు. దాటకపోతే గుండె బాగున్నట్టే. నొప్పి రాయడానికి తెరమీద గడి కూడా లేదు. ఎందుకుంటుంది? నొప్పి అంకె కాదు కదా!

నలభై నాలుగోవాడు పోలయ్య, పడవలకు అతుకులు వేసేవాడు. వెంట భార్య ఎర్రమ్మ. అతని అంకె ఆరు. ఊరందరిలోకీ తక్కువ.

"మా ఆడమనిషి తన గోళీలు కూడా నాకే పెట్టేత్తాది," అన్నాడు గొప్పగా. "బలం మందు కదమ్మా, ఎక్కువైతే ఏటవుద్ది?"

"బలమా నా బొందా!" అంది ఎర్రమ్మ. "నాలుగడుగులేత్తే రొమ్ము పట్టేసి కూలబడిపోతన్నాడు. ఎడం సెయ్యి గుంజుతందంట. ఆ పెద్ద పరీచ్చకి పంపమ్మా, నీ కాళ్ళట్టుకుంతాను."

సుభాషిణి అభ్యర్థన పంపింది. రెప్పపాటులో జవాబు వచ్చింది: అంకె ఆరు. ఆరోగ్యవంతుడు. వరుసలో చోటు లేదు.

చల్లటి గాలిలో పోలయ్య చొక్కా చెమటకు తడిసిపోయి ఉంది. ఆ చెమట ఆమెకు తెలుసు. పోయిన ఏడు తన భర్త సన్యాసిరావుకూ అలాగే పట్టింది. అతని అంకె ఎనిమిది. "ఎనిమిదే కదండీ, ఏం కాదు" అని ఆమే అంది. పెరుగన్నంలో గోళీలు పెట్టి తినిపించింది. ముద్ద నోట్లో ఉండగానే పోయాడు, నలభై తొమ్మిదేళ్ళకే. తక్కువ అంకె ఉన్నవాడు గుండెజబ్బుతో పోకూడదు గనక, హృదయపాలిక మరణపత్రంలో 'వృద్ధాప్యం' అని నింపి ఆమె ముందుంచింది. ఏడుస్తూనే వేలిముద్ర వేసింది. కేంద్రంలో అలాంటి పత్రాలు మరో పదిహేడింటి మీద ఆమె ముద్ర ఉంది.

ముద్ర వేసినవాళ్ళు ఏడాదిలోపు సవరించుకోవచ్చు. ఇంకా తొమ్మిది రోజుల గడువుంది. సుభాషిణి భర్త పత్రం తెరిచి, వృద్ధాప్యం కొట్టేసి, గుండెపోటు అని రాసింది.

తెర ఎర్రబడింది. దాని మీద: వైరుధ్యం. ఇతనికి గోళీలు సరిగా ఇవ్వలేదా? అవునంటే లోపం మీది, అంకెలు యథాతథం. కాదంటే తక్కువ అంకెలన్నిటినీ తిరిగి పరీక్షించాలి.

అవుననడమే సులువు. కాదంటే, రెండేళ్ళు కొసరి కొసరి తినిపించినదేదీ అతనికి పనికిరాలేదని తన నోటితోనే చెప్పాలి. ఆ తినిపించడం తప్ప ఆమెకు మిగిలిన ఓదార్పు లేదు.

"కాదు, ఒక్క పూట తప్పలేదు," అంది తెరతో. "నా చేత్తోనే పెట్టాను. అయినా పోయాడు."

కేంద్రంలో పచ్చదీపాలన్నీ ఒక్కసారే ఆరాయి. వరుసలో ఉన్నవాళ్ళ అంకెల పక్కన ఒకే మాట కనబడసాగింది: తెలియదు. హృదయపాలిక ఆ మాట రాయడం అదే మొదలు. అందరికన్నా తక్కువ అంకె మీదే దానికి ముందు అనుమానం వచ్చింది. నాళశోధన, మొదటి చోటు, పోలయ్య.

"నడవకు పోలయ్యా, ఇక్కడే కూర్చో. బండి వస్తోంది."

ఎర్రమ్మ కొంగుతో సుభాషిణి కళ్ళు తుడిచింది. "ఏడవకమ్మా. నువ్వేటి సేత్తావు? పెట్టినావు గదా."

"పెట్టాను ఎర్రమ్మా," అంది సుభాషిణి. "నొప్పి అంటుంటే వినకుండా పెట్టాను."