కాటా గదిలో కూర్చున్న మనిషి

మూతపడిన ఆ నూలుమిల్లులో దొంగలు దేన్నైనా ముట్టుకుంటారు గానీ, వెనకవైపు కాటా గది జోలికి మాత్రం పోరు. పగలు చూస్తే అదొక రేకుల గది, అంతే. లారీలు తూచే ముల్లు, ఒక కుర్చీ, సున్నం రాలిన గోడ. చీకటి పడ్డాక మాత్రం... వెనకటి గుమాస్తా ఎవరో ఆ కుర్చీలోనే కూర్చుని ప్రాణం వదిలాడనీ, వదిలాక కూడా కూర్చోవడం మానలేదనీ చెప్పుకుంటారు. లారీ లేకుండానే ముల్లు కదలడం చూశామన్నవాళ్ళు ఇద్దరున్నారు. ఆ ఇద్దరూ ఒకరి మాట ఒకరు నమ్మరు, అది వేరే సంగతి.

అలాంటి గదిలో కెమెరా పెట్టమంటే ఎవరొస్తారు? ఎవరూ రాలేదు. వచ్చినవాడు సిగ్నలు ఒక్కడే.

సిగ్నలు అతని అసలు పేరు కాదు. కెమెరా బొమ్మల్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేరవేసే పెట్టెలు బిగించడం అతని పని. ఎక్కడికెళ్ళినా ముందు చెయ్యెత్తి గాలిని తడుముతూ "సిగ్నలుందా?" అంటాడు కనక ఆ పేరు అంటుకుంది. దెయ్యాలంటే అతనికి నవ్వు. "కరెంటు లేనిదే ఏదీ కదలదండీ. దెయ్యానికి ప్లగ్గు ఎక్కడుంటుంది?" అనేవాడు.

మిల్లు యజమానికి రెండు కోరికలు. కాటా గదిలో దాచిన మోటార్లను గేటు దగ్గరి కాపలావాడు రాత్రంతా తెర మీద చూస్తుండాలి. ఆ కాపలావాణ్ణి తను ఇంట్లో కూర్చుని చూస్తుండాలి. రెండో సంగతి కాపలావాడికి తెలియకూడదు.

"ఫైబరు వేద్దామండీ. గాజుతీగ. బొమ్మ అద్దంలో చూసినట్టు వస్తుంది" అన్నాడు సిగ్నలు.

తీగ వెయ్యాలంటే మిల్లు పొడుగునా కందకం తవ్వాలని తెలిసి యజమాని మొహం చిట్లించాడు. "గాలి ఊరికే ఉందిగా. అందులోంచి పంపించు."

సరే, వైర్‌లెస్సే. కాటా గది గోడకు ఒక పెట్టె, కప్పు మీద సోలారు పలక, దానికో బ్యాటరీ. గేటు గదిలో తెరకు సరిగ్గా పైన, బల్బు పక్కన బల్బులాంటిదే ఇంకొకటి... అదేమిటో కాపలావాడికి ఎవరూ చెప్పలేదు.

ఆ కాపలావాడు పరాయివాడైతే ఇంత కథ లేదు. సిగ్నలు సొంత బావమరిది. వాడు అప్పటికి ఏ ఉద్యోగంలోనూ కుదురుగా నిలబడలేదు. "ఇదన్నా మా తమ్ముడికి నిలబెట్టు. వాడు మళ్ళీ ఇంటికొచ్చి కూర్చుంటే నీకూ నాకూ మాటల్లేవు" అని భార్య తెగేసి చెప్పింది. అటు యజమాని, ఇటు ఇల్లాలు. వాడి నెత్తిమీద ఆ కన్ను బిగిస్తున్నప్పుడు సిగ్నలుకు సిగ్గేసింది. పని పనే, చుట్టరికం చుట్టరికమే అనుకుని నిచ్చెన దిగాడు.

కొన్నాళ్ళకు ఒక రాత్రి ఫోను మోగింది.

"బావా..." గొంతు కాదు, గుసగుస. "కాటా గదిలో ఎవరో కూర్చున్నారు."

"తాళం?"

"వేసే ఉంది."

సిగ్నలు లేచి కూర్చున్నాడు.

"ముసలాయన బావా. కళ్ళు తెల్లగా మెరుస్తున్నాయి. ఇవాళ కాదు, రోజూ వస్తున్నాడు. సగం రాత్రి దాకా ఖాళీ గదే. ఆ తర్వాత తెరంతా నూకలు చల్లినట్టు చుక్కలు... చుక్కలు సర్దుకునేసరికి కూర్చుని ఉంటాడు."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేంరా?"

"నవ్వుతావని. మొదట్లో నాకు దణ్ణం పెట్టేవాడు బావా. వదిలెయ్యమని బతిమాలుతున్నట్టు. జాలేసి, మొన్న తెర ముందు గ్లాసుడు టీ పెట్టాను."

"పెడితే?"

"తాగాడు."

సిగ్నలు నవ్వాడు. నవ్వు మాత్రం రోజూ ఆగేచోటి కంటే కాస్త ముందే ఆగింది.

"నా వల్ల కాదు. తెల్లారి మానేసి వచ్చేస్తాను" అన్నాడు బావమరిది.

పక్కన భార్య ఒత్తిగిలింది. దెయ్యం సంగతి దేవుడెరుగు, ఈ మాట ఆవిడ చెవిన పడితే ఏమవుతుందో సిగ్నలుకు బాగా తెలుసు. చప్పుడు చెయ్యకుండా చెప్పులేసుకున్నాడు.

గేటు గదికి పోకుండా తిన్నగా కాటా గదికే వెళ్ళాడు. ఒక చేతిలో టార్చి, ఒక చేతిలో తాళంచెవి, భుజానికీ చెవికీ మధ్య ఫోను. తాళం తుప్పు రాలుస్తూ ఊడింది. తలుపు తోశాడు.

ఖాళీ కుర్చీ. మూల మోటార్లు ఎక్కడివక్కడే. నేల మీద దుమ్ము. దుమ్ములో ఒక్క కొత్త అడుగు జాడ లేదు.

"చూశావా, ఎవరూ లేరు" అన్నాడు ఫోన్లో, గొంతు పెంచి.

టార్చి తిప్పి కెమెరా ముందుకు వెళ్ళి నిలబడ్డాడు.

"ఒరేయ్, కెమెరా ముందే ఉన్నాను. చెయ్యి ఊపుతున్నాను. కనబడుతున్నానా?"

"బావా..." అన్నాడు బావమరిది. "ఆయన కూర్చునే ఉన్నాడు. నువ్వే... కనబడటం లేదు."

అయినా సిగ్నలు పరుగెత్తలేదు. అలవాటు కొద్దీ గోడ మీది పెట్టె మీద చెయ్యి వేశాడు. పెట్టె చల్లగా ఉంది. పనిచేసే పెట్టె ఎప్పుడూ గోరువెచ్చగా ఉంటుంది. టార్చి ఎత్తాడు. పెట్టె మీది చిన్న దీపం వెలగడం లేదు. బ్యాటరీలో కరెంటు పూర్తిగా అయిపోయింది... అంటే, ఈ గదిలోంచి బొమ్మ వెళ్ళడానికి వీల్లేదు. మరి అక్కడ వాడికి కనబడుతున్నది ఎక్కడి నుంచి వస్తోంది?

తెలియనివాడికి ఒక్కటే భయం. తెలిసినవాడికి రెండు. సిగ్నలు కాళ్ళకు బుద్ధి చెప్పాడు. ఒక చెప్పు అక్కడే ఉండిపోయింది.

గేటు గదిలో బావమరిది తెర వైపు వేలు చూపించాడు. నిజమే, ముసలాయన. నల్లటి మొహం మీద తెల్లటి కళ్ళు. తెరలోంచి వీళ్ళిద్దరినే చూస్తున్నాడు. ఒక్కడుండాల్సిన చోట ఇద్దరు కనబడినట్టు, ఉలిక్కిపడి లేచాడు. మెల్లగా... ముందుకు వచ్చాడు. మొహం తెరంతా నిండింది. బావమరిది వచ్చి బావ చెయ్యి పట్టుకున్నాడు. బావ చెయ్యి వాడి చెయ్యి కంటే చల్లగా ఉంది.

ముసలాయన వెనక్కి తగ్గాడు. అప్పుడు కనబడింది గోడ. గోడ మీద వైరు. మూల దగ్గర అనవసరంగా ఒక చుట్టు తిరిగి, వంకరగా పైకి పాకిన వైరు. అలా వైరు లాగేవాడు లోకంలో ఒక్కడే ఉన్నాడని తోటివాళ్ళు రోజూ ఎగతాళి చేసేవాళ్ళు.

ఆ ఒక్కడు అప్పుడే తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాడు.

కాలవ అవతలి గోడౌను! అక్కడా అతనే బిగించాడు. అక్కడి యజమానిదీ ఇదే కోరిక, కాపలా ముసలాయన నెత్తిమీద ఒక కన్ను. అక్కడి పెట్టెలకూ ఇక్కడి పెట్టెలకూ వేరువేరు నంబర్లు పెట్టాలి. అంత దూరం ఎక్కడ కలుస్తాయిలే అని, డబ్బాలోంచి వచ్చినవి వచ్చినట్టే వదిలేశాడు. బ్యాటరీ బలంగా ఉన్నంతసేపూ ఎవరి బొమ్మ వాళ్ళకే. సగం రాత్రికి రెండుచోట్లా బ్యాటరీలు చచ్చాక ఈ తెరకు ఆ ముసలాయన, ఆ తెరకు ఈ కుర్రాడు. చీకట్లో చూసే కెమెరాలో ఎవరి కళ్ళైనా అలా తెల్లగానే మెరుస్తాయి.

ఇంత నవ్వొచ్చే సంగతి చెప్పి నవ్వుకోవచ్చు కదా? చెప్పలేడు. "ఆయన ఇక్కడ కనబడుతున్నాడు సరే, నేను అక్కడెలా కనబడుతున్నాను బావా?" అని వాడు అడుగుతాడు. అడిగితే పైకి, బల్బు పక్కకి చూపించాలి. సొంత బావే తన మీద నిఘా పెట్టాడని తెలిస్తే వాడు ఉద్యోగమే కాదు, చుట్టరికం కూడా మానేస్తాడు.

"దెయ్యమేరా. మంచి దెయ్యం. పంపించేస్తాను, ఒక్కరోజు ఓపిక పట్టు" అన్నాడు సిగ్నలు.

మర్నాడు సాయంత్రం గోడౌనుకు వెళ్ళాడు. పెట్టె నంబరు మార్చడానికని చెప్పగానే కాపలా తాత కంగారుగా అటూ ఇటూ చూశాడు.

"మార్చకు నాయనా" అన్నాడు గొంతు తగ్గించి. "నీకు చెబితే నవ్వుతావు... నా తెరలోకి రాత్రిపూట ఒక పిల్లాడు వస్తాడు. మొదట్లో భయపడి దణ్ణాలు పెట్టాను. తర్వాత అలవాటైపోయాడు. మొన్న నాకు టీ పెట్టాడు తెలుసా? నేనూ కాచుకుని, వాడికి కనబడేలా తాగాను. దెయ్యమైతేనేం, మర్యాద తెలిసినవాడు. నిన్న రాత్రి వాడికి తోడు ఇంకొకడు కూడా వచ్చాడు, వాడి మొహమే బాగాలేదు."

సిగ్నలు తన మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"ఏ కష్టం వచ్చి పోయాడో పాపం. చిన్న వయసు" అని తాత కళ్ళు తుడుచుకున్నాడు.

బతికున్న బావమరిది కోసం ఎదురుగా ఏడుస్తుంటే ఎవరు మాత్రం తట్టుకుంటారు? "పోలేదు తాతా! నిక్షేపంలా ఉన్నాడు, వాడు మా బావమరిది" అనేశాడు. మొదలుపెట్టాక ఆపడం కుదరలేదు. మొత్తం చెప్పాడు.

తాత నవ్వుతాడనుకున్నాడు. తాత నవ్వలేదు. తలెత్తి బల్బు పక్కకి చాలాసేపు చూశాడు.

"అయితే ఇది... బల్బు కాదా?"

"కాదు."

"మా అయ్యగారికి నేను రోజూ కనబడుతున్నానా? కునుకు తియ్యడం కూడా?"

సిగ్నలు తల దించుకున్నాడు.

"ఇన్నాళ్ళూ చూసి ఏమీ అనలేదా... ఎందుకు అనలేదో" అని తాత తనలో తాను అనుకున్నాడు. "దెయ్యం చూస్తే ఏం పోతుంది నాయనా. మనిషి చూస్తేనే..." అంటూ ఆగాడు. వెళ్ళి కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

అక్కడ దేన్నీ ముట్టుకోబుద్ధి కాక తిరిగొచ్చాడు. బాగా పొద్దుపోయాక కాటా గదిలో కొత్త బ్యాటరీ వేసి, ఆ పెట్టెకే వేరే నంబరు పెట్టాడు. ఇక గేటు గదిలో తెర కింద ఒక మీట నొక్కితే చాలు.

కానీ బావమరిది అప్పటికే తెర ముందు నిలబడి ఉన్నాడు.

"ఇవాళేమిటి బావా ఇలా ఉన్నాడు? నిన్నటిదాకా మనిషిలానే ఉండేవాడు."

తాత రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, కొయ్యలా బిగుసుకుని కూర్చున్నాడు. రెప్ప కొట్టడం లేదు. తెల్లటి కళ్ళు తిన్నగా కెమెరాలోకి... వీడు పెట్టిన టీ గ్లాసు వైపు చూడను కూడా చూడలేదు. కాటా గదిలో చచ్చిన పెట్టెను ముట్టుకున్నప్పుడు కూడా సిగ్నలుకు ఇంత భయం వెయ్యలేదు. బతికున్న మనిషిని ఇలా కూర్చోబెట్టింది తనే.

మీట నొక్కాడు. ఖాళీ గది, ఖాళీ కుర్చీ వచ్చాయి.

"వెళ్ళిపోయాడా?"

"వెళ్ళిపోయాడు."

బావమరిది మొహం ఒక్కసారిగా తేటపడింది. సిగ్నలు మీట మీది చెయ్యి తీసి వాడి వైపు తిరిగాడు. వాడి ఉద్యోగం పోతే పోనీ, ఇంట్లో మాటలు లేకపోతే మానె. ఇప్పుడు చెప్పకపోతే ఎప్పుడూ చెప్పలేననుకున్నాడు.

"ఒరేయ్, నీతో ఒక మాట..."

"రేపు బావా, నీకు దణ్ణం పెడతాను" అంటూ వాడు బల్ల మీద ఒళ్ళు వాల్చాడు. "ఇన్ని రాత్రులు ఆయన ఎదురుగా కన్ను మూసే ధైర్యం లేకపోయింది. ఒక్క కునుకు. ఇక చూసేదెవరు?"

గురక మొదలైంది. సిగ్నలు వాడి పక్కనే నిలబడ్డాడు. జేబులో ఫోను మోగింది.

యజమాని.

"మీవాడు పడుకున్నాడేమిటి?" నిద్ర లేని గొంతు, చాలా నెమ్మదిగా ఉంది. "నువ్వు పక్కనే నిలబడి చూస్తున్నావుగా... లేపు."

సిగ్నలు బల్బు వైపు చూడలేకపోయాడు.

బావమరిది సగం కన్ను తెరిచాడు. "ఇంత రాత్రప్పుడు ఎవరు బావా?"

"దెయ్యంరా" అన్నాడు సిగ్నలు, వాడి భుజం తడుతూ. "లేచి కూర్చో."