రోస్కార్న్ దిబ్బ కొలతలు

సిగ్గు విడిచి చెబుతున్నాను. ఇంగ్లండులోని కార్న్‌వాల్ తీరంలో రోస్కార్న్ దిబ్బని కొలిచింది నేనే. ఐదువేల ఏళ్ల నాటి సమాధి అది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైన్యం దాని పొట్ట తవ్వి, సముద్రం మీద కాపలాకి లోపల సిమెంటు గది కట్టింది.

ఆ మధ్యాహ్నం ఎండగానే ఉంది. గది గుమ్మం దగ్గర ఆ ఊరి హెడ్లీ తాత నాకోసం, నాతో పనిచేసే కెరెన్సా కోసం కాచుకుని కూర్చున్నాడు.

"తల్లీ, మా అన్న పెరాన్ ఇక్కడే కాపలాకి వచ్చాడు. ఆ రాత్రే వెనక భాగం కూలింది. మర్నాడు సైన్యం వాళ్లు అడ్డంగా గోడ కట్టేసి, మీవాడు పారిపోయాడన్నారు. పిరికిపంద తమ్ముడని ఊరంతా నన్ను దెప్పింది. మా అమ్మ ఆ దిగులుతోనే పోయింది. గోడ వెనక ఏముందో కాస్త చూసి చెప్పమ్మా."

"అంతే కదా తాతా! చిటికెలో పని," అన్నాను. నా నోరు ఊరుకోదుగా.

లోపల చీకటి. తడి మట్టి, పాత నూనె కలిసిన వాసన. ఎక్కడో నీటి చుక్క పడుతున్న చప్పుడు. వెనక గోడలో చెయ్యి దూరేంత పగులుంది. స్టీలు టేపు కొస అందులోకి తోశాను. ఒక మీటరు... రెండు... ఏదో తగిలి ఆగింది. అంకె చదువుదామని వంగాను.

టేపు కదిలింది.

నేను తోయలేదు. మూడు... నాలుగు... నా వేళ్ల మధ్య నుంచి మెల్లగా లోపలికి పోతోంది. ఆగింది. తర్వాత రెండుసార్లు చిన్నగా గుంజింది.

మా పనిలో అవతలి కొస పట్టుకున్నవాళ్లు అలాగే గుంజుతారు. పట్టుకున్నాను, చదువుకో అని. రోజూ నాకు ఆ కొస పట్టే కెరెన్సా అప్పుడు నా వెనకే నిలబడి పుస్తకంలో రాస్తోంది.

"ఎంతొచ్చిందే?" అంది గుసగుసగా.

"సున్నా... వెనకంతా మట్టే... పద, పోదాం."

"టేపో?"

"ఉండనీవే!"

బయట తాత లేచి నిలబడ్డాడు. "ఉన్నాడా?"

ఉన్నాడంటే గోడ పగలగొడతారు. మళ్లీ లోపలికి వెళ్లాల్సింది నేనే.

"ఎవరూ లేరు తాతా."

"అయితే పారిపోయాడన్నమాట," అంటూ టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. ఛీ, నాదీ ఒక బతుకేనా!

క్రిస్మస్ ముందు తాత పోయాడు. ఆయన్ని పూడ్చిన రోజు, గోడ వెనక ఖాళీ ఉందన్న నిజం అధికారులకి రాసిచ్చాను. వసంతంలో గోడ పగలగొట్టారు. నేనూ వెళ్లాను, వెళ్లక తప్పుతుందా? పెరాన్ అక్కడే ఉన్నాడు. రాతికి ఆనుకున్న ఎముకలు, తుప్పు పట్టిన హెల్మెట్టు, వేళ్ల ఎముకల మధ్య నా టేపు కొస. ఇప్పుడు తెలిసి ఎవరికి లాభం?

కెరెన్సా టార్చి అటూ ఇటూ తిప్పింది. నేలంతా బెత్తెడు మందాన దుమ్ము. ఎక్కడా అడుగుజాడ లేదు. పెరాన్ పక్కన మాత్రం, ఒక మనిషి కూర్చునేంత చోటు, శుభ్రంగా ఊడ్చి ఉంది.

"ఇది ఎవరికోసమే?" అంది కెరెన్సా.