జోబ్ పేరున్న బీరువా

పాత సామాను మీద పేరు చెక్కి ఉంటే గోటితో గీకి చూస్తారే, మిమ్మల్నే అంటున్నాను. ఆ చెయ్యి తియ్యండి. ఆల్విన్ పెగ్లర్ కూడా మొదట గోటితోనే గీకాడు.

ఇంగ్లండులో గ్లోస్టర్ కొండల్లో వింకోట్ అనే ఊళ్లో అతనిది పాత చెక్క సామాను దుకాణం. సొరుగు లాగి చూసి, ఆ బల్ల ఎప్పటిదో చెప్పేసేవాడు. ఒక అక్టోబరు ముసురులో హెస్టర్ అనే ముసలావిడ ఓక్ చెక్క బీరువా అమ్మకానికి తెచ్చింది. పెగ్లర్ సొరుగు బోర్లించాడు. మూలల్లో చెక్కలు ఒకదాన్నొకటి పట్టుకునేలా చేత్తో కోసిన పళ్లు ఒకదానిలా ఒకటి లేవు. ఎక్కడా ఇనుము లేదు, అన్నీ కొయ్య మేకులే. మూసిన గదిలో అమ్మోనియా ఆవిరి పట్టిస్తే ఓక్ చెక్కకి వచ్చే ముదురు రంగు. ఒక మేకు ఊడదీస్తే, ఆవిరి తగలని ఆ చోట చెక్క ఇంకా తెల్లగానే ఉంది. వందేళ్ల పైమాటే. తలుపు లోపలి వైపు ఉలితో చెక్కిన పేరు: జోబ్.

"ఇది చేసింది మా తాతండీ. ఆవిరి గదిలో ఉండగా బయట గడియ పడి, అందులోనే పోయాడు. సమాధికి రాయి కూడా లేదు. ఆ పేరు ఒక్కటీ ఉంచండి బాబూ."

"అయ్యో, నా పేరైనా చెరుపుకుంటాను గానీ ఆయన పేరు చెరుపుతానా అమ్మా!"

ఆవిడ వీధి మలుపు తిరగకముందే చిత్రిక పట్టి ఆ పేరు చెరిపేశాడు. జోబ్ ఎవరికి తెలుసు? పేరున్న కార్ఖానా ముద్ర వేస్తే జనం ఎగబడతారు.

"మాటిచ్చావు కదయ్యా?" అంది భార్య విన్నీ.

"చచ్చినవాడొచ్చి అడుగుతాడా ఏంటే!"

చిత్రిక పట్టినచోట చెక్క తెల్లబడింది. రంగు కలవాలని ఆ తలుపును తన ఆవిరి గదిలో నిలబెట్టి, పళ్లేల్లో అమ్మోనియా పోసి మూశాడు. మర్నాడు తీశాడు. చెక్కంతా ముదిరింది. మధ్యలో తెల్లటి అక్షరాలు... జోబ్.

మళ్లీ చిత్రిక. మళ్లీ ఆవిరి. మళ్లీ అదే పేరు. మూడోసారికి చెక్క అప్పడంలా పలచబడింది.

నాలుగో మధ్యాహ్నం ముక్కుకి గుడ్డ కట్టుకుని, దీపంతో తనే లోపలికి వెళ్లాడు. ముక్కు పగిలే ఘాటు. కళ్ల వెంట నీళ్లు. వెనకాల ఏదో చప్పుడు.

సర్ర్... సర్ర్...

ఎవరో చిత్రిక పడుతున్నారు.

"విన్నీ... నువ్వేనా?"

చెవి పక్కనే గొంతు. "గడియ తియ్యి బాబూ..."

పెగ్లర్ గది తలుపు తోశాడు. కదల్లేదు. ఆ తలుపుకి అసలు గడియే లేదు.

విన్నీ పొరుగువాళ్లను పిలిచి గొడ్డలితో పగలగొట్టించేసరికి అంతా అయిపోయింది. బయటివైపు చట్రంలో కొత్తగా చెక్కిన కొయ్య మేకు దిగ్గొట్టి ఉంది.

బీరువా తలుపును ఆమె హెస్టర్‌కి తీసుకెళ్లి ఇచ్చింది. దాని మీద ఇప్పుడు ఏ పేరూ లేదు. ముసలావిడ చేత్తో తడిమి తడిమి, గోడకి ఆనించింది.

మొగుడి సమాధికి విన్నీ మంచి రాయి వేయించింది. వారం తిరక్కుండా రాయి నున్నగా అయిపోయింది. మూడుసార్లు పేరు చెక్కించింది. మూడుసార్లూ అంతే. ఆల్విన్ పెగ్లర్ ఎక్కడున్నాడో చూపించే గుర్తు ఇవాళ ఆ ఊళ్లో లేదు.

చెక్కింది రాతి మీద. కానీ ప్రతిసారీ దాని కింద గడ్డిలో రాలి ఉన్నవి మాత్రం... చుట్టలు చుట్టుకున్న ఓక్ చిత్రిక పొరలు.