రెండో పొట్లం

రెండో పొట్లంలో కూడా ఎర్ర గన్నేరు పువ్వే ఉంది.

హాసిని పెరట్లో అరటిచెట్టు దగ్గర కదలకుండా నిలబడిపోయింది. ఒక చేతిలో, ఇందాక దేవుడి ముందు కళ్ళు మూసుకుని తీసిన పొట్లం. ఇంకో చేతిలో, తీయకుండా వదిలేసిన పొట్లం. ఈ రెండోదాన్ని విప్పకూడదు. అలాగే చెట్టు మొదట్లో వేసెయ్యాలి. తెనాలిలో ఆ ఇంటి పద్ధతి అది. కానీ హాసిని ఎలక్ట్రానిక్స్ చదివింది. మూసి ఉన్నదేదైనా కనిపిస్తే విప్పి చూడటం ఆమె అలవాటు.

తెల్ల నందివర్ధనం వస్తే వెళ్ళమని. ఎర్ర గన్నేరు వస్తే వద్దని. ఒక పొట్లంలో తెలుపు, ఒక దాంట్లో ఎరుపు ఉండాలి. రెండింటిలోనూ ఎరుపే ఉంటే, తను ఏది తీసినా జవాబు ఒక్కటే.

ఎవరో దేవుడినే మోసం చేశారు.

వెళ్ళాల్సిన ఊరు ధన్‌బాద్. బొగ్గు గనుల్లో విషవాయువును ముందే పసిగట్టే పరికరాలు తయారుచేసే పరిశోధన సంస్థలో ఉద్యోగం. బాపట్లలో ఒక కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్‌గా పాఠాలు చెబుతూ, మిగిలిన టైమంతా హాసిని అలాంటి పరికరం తయారీలోనే గడిపింది. ఇన్నాళ్ళకి పిలుపొచ్చింది. రేపు సాయంత్రంలోగా అవునో కాదో చెప్పాలి.

ఊరి పేరు వినగానే వాళ్ళమ్మ ఉమారాణి టీవీ సౌండు తగ్గించింది. ఆ ఇంట్లో అది మామూలు విషయం కాదు.

"ధన్‌బాదా? అక్కడ తుపాకులు కూరగాయల్లా దొరుకుతాయటే!"

"ఎవరన్నారమ్మా?"

"ఎవరో అనడమేంటి, సినిమాల్లో చూడట్లా?"

తండ్రి హనుమాన్‌ప్రసాద్ ఫోన్లో ఆ ఊరి పేరు కొట్టి చూశాడు. బొగ్గు మాఫియా, కాల్పులు, పాత హత్యలు వరసగా వచ్చాయి. ఫోన్ బోర్లించి పెట్టేశాడు.

చివరికి నాన్నమ్మ మాణిక్యాంబ తేల్చింది. "మనలో మనకి గొడవెందుకు? పూలు పెట్టి అడుగుదాం."

హాసిని ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకుందో ఆమెకు బాగా తెలుసు. ఆ వార్తలు తనూ చదివింది. చదివిన రాత్రి సరిగ్గా నిద్రపోలేదు. నిర్ణయం దేవుడిదైతే, రేపు ఏం జరిగినా తప్పు తనది కాదు.

కానీ ఇది దేవుడి నిర్ణయం కాదు. హాసిని రెండు పొట్లాలూ మళ్ళీ కట్టి, చున్నీ కొంగులో మూటగట్టుకుని వంటింట్లోకి నడిచింది.

"అమ్మా, పూల పొట్లాలు నువ్వేమైనా ముట్టుకున్నావా?"

ఉమారాణి గ్రైండర్ ఆపింది. "నేనెందుకు ముట్టుకుంటానే? ముట్టుకోకూడదుగా. ఎర్రపువ్వే రావాలని మొక్కుకున్నా. అదేం తప్పు కాదుగా?"

"ఏ దేవుడికి మొక్కావ్?"

"అందరికీ."

ఆ మొహంలో అబద్ధం లేదు. హాసిని వరండాలోకి వెళ్ళింది.

"నాన్నమ్మా, పొట్లాలు ఎవరు కట్టారు?"

"నా వేళ్ళు చూడు. జడ వేసుకోవడానికే వంగట్లా. అరటినార ముడి ఎక్కడ వేస్తాను?" మాణిక్యాంబ వాచిన వేళ్ళు చాపి చూపించింది. "అయినా ఇంట్లోవాళ్ళు కట్టకూడదే. మనసులో ఏదో ఒకటి పెట్టుకుంటారు. పైవాళ్ళయితే ఏ గొడవా ఉండదు. అందుకే నిన్న సాయంత్రం ఇంటికొచ్చిన నీ రైలు ఫ్రెండు సుమంత్ బాబు చేత కట్టించా. ఎర్రపువ్వొచ్చిందని ఇందాకే ఫోన్ చేసి చెప్పా కూడా."

సరిగ్గా అప్పుడే హాసిని ఫోన్ మోగింది. మెసేజ్. సుమంత్.

'ఎర్రపువ్వొచ్చిందటగా. కంగ్రాట్స్ మేడమ్! పార్టీ ఎప్పుడు?'

హాసిని ఆ మెసేజ్‌ని రెండుసార్లు చదివింది. చెవులు వేడెక్కాయి. తన ఉద్యోగం పోతే పార్టీ!

ఫోన్ చేయబోయి ఆగింది. ఇలాంటివి నేరస్తుడి మొహం చూస్తూ అడగాలి.

"నాన్నమ్మా, రేపల్లెలో సుమంత్ వాళ్ళింటికి వెళ్ళొస్తా."

"వానొచ్చేలా ఉంది. గొడుగు తీసుకెళ్ళు."

తీసుకెళ్ళలేదు. కోపంలో ఉన్న మనిషికి గొడుగు గుర్తుండదు.

రేపల్లె ప్యాసింజర్ తెనాలి దాటగానే వాన మొదలైంది. చినుకులు కిటికీ ఊచల మీద పడి మొహం మీదికి చిమ్ముతున్నాయి. తలుపు దించమని ఎదుటి సీటాయన సైగ చేశాడు. హాసిని వినిపించుకోలేదు.

సుమంత్‌తో మొదటి గొడవ కూడా కిటికీ సీటు గురించే. అది తెనాలి నుంచి బాపట్ల వెళ్ళే రైలు. అతను రేపల్లె నుంచి వచ్చి అందులోకి మారేవాడు. బాపట్ల వ్యవసాయ కళాశాలలో వరి మీద పరిశోధన. ఆ రోజు కిటికీ సీట్లో మనిషి లేడు. వరి కంకుల కట్ట కూర్చుని ఉంది. హాసిని దాన్ని తీసి కింద పెట్టి కూర్చుంది.

"ఏంటండీ మీరు! అది మూడేళ్ళ రీసెర్చి!"

"అయితే దానికీ టికెట్ కొనాల్సిందండి."

డబ్బా అంతా నవ్వింది. అతనూ నవ్వేశాడు. కాసేపటికి నిడుబ్రోలులో వాళ్ళ ప్యాసింజర్‌ని పక్కలైన్లో ఆపేసి, ఆలస్యంగా నడుస్తున్న ఏదో ఎక్స్‌ప్రెస్‌ని ముందుకు వదిలారు. ఆమె క్లాసులూ అతని వరీ అక్కడే ఆగిపోయాయి. వెళ్ళిపోతున్న ఆ రైలుని సుమంత్ పేరు పెట్టి మరీ తిట్టాడు. మర్నాటి నుంచి కిటికీ సీటు ఆమెకి, పక్క సీటు అతనికి, ఒళ్ళో వరి ఇద్దరికీ. ఎప్పుడు 'మీరు' పోయి 'నువ్వు' అయిందో ఇద్దరికీ గుర్తులేదు. అంతకుమించి ఎవరూ ఏమీ అనలేదు.

అనకపోతే పోయె. ఇలా దొంగదెబ్బ తీస్తాడా?

సుమంత్ ఇల్లు స్టేషన్‌కి దగ్గరే. తలుపు తీసింది వాళ్ళమ్మ వసుంధర.

"అయ్యో, హాసినీ! అలా తడిశావేంటమ్మా! రా, లోపలికి రా." తువ్వాలు తెచ్చి చేతిలో పెట్టింది. "వాడు చేపల కోసం పెనుమూడి దాకా వెళ్ళాడు, వచ్చేస్తాడు. ఎర్రపువ్వొచ్చిందటగా. ప్రయాణం ఎప్పుడు మరి?"

తల తుడుచుకుంటున్న హాసిని చెయ్యి ఆగింది. "ప్రయాణమా?"

"ఎర్రపువ్వొచ్చాక ఇంకా ఆగుతారా ఏంటి?"

"ఎర్రపువ్వొస్తే వెళ్ళొద్దని కదండీ ఆంటీ?"

"అదేం చోద్యం! కుంకుమ రంగు వద్దని ఎందుకంటుందమ్మా? ఎర్రపువ్వొస్తే బయల్దేరమని, తెల్లపువ్వొస్తే ఆగమని. మా అత్తగారి నాటి నుంచీ ఇంతే. మీ ఇంట్లో తిరగేసి అడుగుతారా?"

హాసిని కుర్చీలో కూలబడింది.

తెనాలికీ రేపల్లెకీ మధ్య గట్టిగా గంట ప్రయాణం. ఈ కాస్త దూరంలోనే పూల మాట తలకిందులైపోయింది. ఎరుపంటే ఏంటో, తెలుపంటే ఏంటో ఊరందరికీ తెలిసిందే అనుకుంది నాన్నమ్మ. అతనికి చెప్పలేదు. తమ ఇంటి లెక్కే అందరిదీ అనుకున్నాడు సుమంత్. అడగలేదు.

"వాడికి ఒంట్లో బాలేదా ఏంటి?" వసుంధర కాఫీ గ్లాసు అందిస్తూ అంది. "రాత్రి ముద్ద సరిగ్గా తినలా. పొద్దున మీ నాన్నమ్మ ఫోన్ చేశాక ఒకటే ఈలలు. మళ్ళీ కాసేపటికే మొహం వేలాడేశాడు. వాడి వాలకం నాకేం అర్థం కావట్లా."

హాసినికి అర్థమవుతోంది. రెండూ ఎర్రవే కట్టింది తనని ఆపడానికి కాదు, పంపడానికి. కాఫీ చల్లారిపోతున్నా గ్లాసు వైపు చూడలేదు.

అంటే దేవుడు వద్దనలేదు. వెళ్ళమనీ అనలేదు. ఆ పొట్లాల్లో దేవుడి మాట అసలు లేనేలేదు. ప్రశ్న మళ్ళీ తిరిగి తిరిగి తన దగ్గరికే వచ్చింది. ఈసారి దాన్ని మోపడానికి ఇంకెవరూ కనిపించలేదు.

వాన చూస్తూ కాసేపు కూర్చుంది. తర్వాత ఇంటికి ఫోన్ చేసి, జరిగింది చెప్పింది.

"అయితే మళ్ళీ పూలు పెడదామా?" అంది ఉమారాణి ఆశగా.

"వద్దమ్మా. నేను వెళ్తాను."

"నీకు భయం లేదుటే?"

"ఉందమ్మా. చాలా ఉంది. వెళ్ళాలనీ ఉంది. గనిలోకి దిగేవాళ్ళకి ఇంతకంటే భయం ఉంటుంది కదా. వాళ్ళ కోసమేగా నేను ఇన్నాళ్ళూ పనిచేసింది."

అవతల ఉమారాణి ముక్కు చీదిన చప్పుడు. "మొదటి నెల నేనూ వచ్చి ఉంటా. కాదన్నావంటే ఊరుకోను."

"టీవీ సీరియళ్ళు?"

"ఫోన్లో వస్తాయిలే."

ఫోను చెయ్యి మారింది. "ఒసే," అంది మాణిక్యాంబ, గొంతు తగ్గించి. "నీ కోసం దేవుడి దగ్గరే దొంగతనం చేశాడా ఆ పిల్లాడు? అయితే వాణ్ణి మాత్రం వదలకు. మీ నాన్నకి నేను చెప్పుకుంటా."

హాసిని నవ్వు ఆపుకుంటూ ఫోన్ పెట్టేసి, ధన్‌బాద్‌కి మెయిల్ రాసింది. మూడు వాక్యాలు. పంపించింది.

గేటు దగ్గర స్కూటీ ఆగింది. రెయిన్‌కోట్ లోంచి సుమంత్ తల బయటికొచ్చింది. హాసినిని చూసి, హ్యాండిల్‌కి వేలాడుతున్న చేపల సంచీ సంగతే మర్చిపోయాడు.

"నువ్వేంటి ఇక్కడ? పార్టీ ఇవ్వడానికి వచ్చావా?"

హాసిని చున్నీ ముడి విప్పి, రెండు పొట్లాలూ అరుగు మీద పెట్టింది. ఒక్కొక్కటే విప్పింది. ఎరుపు. ఎరుపు.

అతని మొహంలో రంగు మారింది.

"ఒక చిన్న విషయం, సార్," అంది హాసిని చాలా నెమ్మదిగా. "మా ఇంట్లో ఎర్రపువ్వొస్తే వెళ్ళొద్దని అర్థం."

సుమంత్ అరుగు అంచు పట్టుకున్నాడు. "వద్దనా? అంటే... అంటే నా వల్ల నీ ఉద్యోగం... హాసినీ, రేపటిదాకా టైముందిగా? నేనిప్పుడే మీ ఇంటికొచ్చి అందరికీ..."

"కూర్చో. టైము సంగతి నేను చూసుకున్నా. మెయిల్ పంపేశా. వెళ్తున్నాను." హాసిని పక్కకు జరిగి చోటిచ్చింది. "ఇప్పుడు నీ సంగతి. ఎందుకు చేశావో చెప్పు. మొత్తం చెప్పాలి. ఏదీ దాచకూడదు."

చూరు నీళ్ళు ధారగా పడుతున్నాయి. గుమ్మంలో వసుంధర గరిటె పట్టుకుని వింటోంది. సుమంత్ కొడుకుగా ఒకసారి అటు చూశాడు. దొంగగా ఒకసారి ఇటు చూశాడు. తర్వాత తడిసిన చేతులు ఒళ్ళో పెట్టుకుని మొదలుపెట్టాడు.

"నేనే చేశాను. పొట్లాలు కట్టమని మీ నాన్నమ్మ నన్ను పెరట్లోకి పంపినప్పుడు, రెండు పూలూ కోశాను. ఎర్రది కట్టేశాను. తెల్లది చేతిలో పట్టుకుని నిలబడ్డాను. నా లెక్కలో తెల్లదంటే నువ్వు ఇక్కడే ఉండిపోవడం. రోజూ కిటికీ సీట్లో ఉండటం. అది నీ చేతికొచ్చేస్తుందేమోనని భయమేసింది. వస్తే నేను సంతోషిస్తానేమోనని ఇంకా భయమేసింది. అందుకే ఇంకో ఎర్రపువ్వు కోసి కట్టేశాను. తెల్లది జేబులో వేసుకుని వచ్చేశాను. ఇదిగో, వాడిపోయింది. పారేయబుద్ధి కాలా. ఆ ఊరి గురించి మీ వాళ్ళకంటే నేనే ఎక్కువ చదివాను. అక్కడ రైల్వేలో పనిచేసే వినయ్ కుమార్ అన్నకి ఫోన్ చేసి విసిగించాను. గొడవలు లేవని ఆయనా అనలేదు. పిల్లల్ని బడికి పంపుతున్నాం, సంతకెళ్తున్నాం, బతుకుతున్నాం అన్నాడు. అయినా నాకు నిద్రపట్టలా. నువ్వంటే నాకు ఇష్టం హాసినీ. మూడేళ్ళ రీసెర్చిని నువ్వు కింద పెట్టిన రోజు నుంచీ ఇష్టం. ఆ మాట ముందే చెబితే నా కోసం ఆగిపోతావేమోనని చెప్పలేదు. నిడుబ్రోలులో మనల్ని ఆపేసి వెళ్ళిన ఎక్స్‌ప్రెస్ గుర్తుందా, నేను తిట్టింది? దాని బోర్డు మీద ధన్‌బాద్ అని ఉంది. ఇక నుంచి ఆ రైలు కోసం మా ప్యాసింజర్‌ని ఎంతసేపు ఆపినా ఒక్క మాటనను. అందులో నువ్వొస్తుంటావు."