తలకిందుల రేకు

గురువారం ఉదయం. పది గంటల ఇరవై నిమిషాలు.

హోమర్ డైల్ కాళ్ళు మాత్రమే బయట ఉన్నాయి.

మిగతా మనిషంతా యాభై ఎనిమిది నాటి హాల్‌స్టెడ్ స్టేషన్ వ్యాగన్ కింద ఉన్నాడు. రెండు టన్నుల ఇనుము. పక్కలకి చెక్కలాగా కనిపించే ప్లాస్టిక్ అంటింపు. పిల్లల్నీ, కుక్కనీ, డేరానీ ఎక్కించుకుని సెలవులకి పోవడానికి తయారైన బండి. నలభై ఆరేళ్ళ తర్వాత ఒక ముసలివాణ్ణి చంపింది.

శవాన్ని మొదట చూసినవాడు పక్కింటి బడ్ ఒసోవ్‌స్కీ. ఫోన్ చేసినవాడూ అతనే.

పదకొండూ అయిదుకి డిటెక్టివ్ ఆగస్ట్ క్రెబ్స్ గరాజ్‌లోకి వచ్చాడు. అప్పటికి ఫైర్ వాళ్ళు బండిని ఎత్తి, శవాన్ని తీసేశారు. క్రెబ్స్‌కి ఈ ఊరంటే చిరాకు. హాల్‌స్టెడ్ ఫ్యాక్టరీ మూతపడి నలభై ఏళ్ళయింది. ఆ సంగతి ఊరికి ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు. ప్రతి గరాజ్‌లోనూ ఒక హాల్‌స్టెడ్. ప్రతి హాల్‌స్టెడ్ పక్కనా గుడ్డముక్కతో తుడుస్తూ ఒక మగాడు. పెళ్ళాం పుట్టినరోజు చెప్పలేడు. కార్బురేటర్ నంబరు నిద్రలో కూడా చెబుతాడు.

"యాక్సిడెంటే సార్," అన్నాడు డెప్యూటీ. "పాత జాకీ. వాల్వు వదులైంది. జాకీ జారినా బండిని ఆపే ఇనుప స్టాండ్లు కింద లేవు."

"ఎందుకు లేవు?"

డెప్యూటీ కళ్ళతో మూల వైపు చూపించాడు.

బోర్లించిన రంగుడబ్బా మీద హోమర్ కూతురు నెట్టీ కూర్చుని ఉంది. నలభై నాలుగేళ్ళు. స్కూల్ వంటగదిలో పని. ఏప్రన్ ఇంకా ఒంటి మీదే ఉంది.

"బండి ఎత్తింది ఎవరు?" అడిగాడు క్రెబ్స్.

"నేనే. నాన్నకి భుజం నొప్పి. ఎనిమిదీ పదికి ఎత్తాను. ఎనిమిదీ ఇరవైకి పనికెళ్ళిపోయా."

"స్టాండ్లు పెట్టారా?"

ఆమె చేతుల వైపు చూసుకుంది.

"పెట్టాననే అనుకుంటున్నా."

"అనుకోవడం వద్దు. పెట్టారా, లేదా?"

"రోజూ చేసే పని సార్. చెయ్యి దాని మానాన అది చేసుకుపోతుంది. స్టవ్ ఆపామో లేదో గుర్తుంటుందా మీకు?"

గుమ్మం బయటి నుంచి బడ్ గొంతు వినిపించింది. "ఆ పిల్ల బుర్ర ఎప్పుడూ ఇంటి దగ్గర ఉండదయ్యా! పోయినేడు నా కుక్కకి అన్నం పెట్టమంటే మూడు రోజులు మర్చిపోయింది."

"ఒక్క రోజే!" అంది నెట్టీ. అని ఏడ్చింది.

క్రెబ్స్‌కి ఈ ఏడుపు తెలుసు. దీనికి కేసు ఉండదు, కోర్టు ఉండదు. షెరీఫ్ సంతకం పెట్టి ఫైలు మూసేస్తాడు. ఆ తర్వాత ఈ మనిషి బతికినన్నాళ్ళూ రోజూ ఎనిమిదీ పదికి ఆ గరాజ్‌లోకి వెళ్తుంది. పెట్టానా? లేదా? జవాబు చెప్పేవాడు ఉండడు.

స్టాండ్లు రెండూ గోడ వారగా ఉన్నాయి. పక్కపక్కనే, కొలబద్ద పెట్టి సర్దినట్టు. బండిని మోసే కొమ్ములు రెండిటికీ, ఎత్తు మార్చే పళ్ళలో నాలుగో పన్ను దాకా పైకి లేచి ఉన్నాయి. క్రెబ్స్ నోట్‌బుక్‌లో రాసుకున్నాడు.

"వేలిముద్రలు?"

డెప్యూటీ నవ్వాడు. "ఊరందరివీ ఉన్నాయి సార్. హాల్‌స్టెడ్ బళ్ళ క్లబ్బులో ప్రతివాడూ వచ్చి తడిమే బండి ఇది."

"ఫారం కోసం బండి నంబరు కావాలి," అన్నాడు క్రెబ్స్.

నెట్టీ లేచింది. డ్రైవర్ వైపు తలుపు తెరిచింది. తలుపు స్తంభానికి రెండు రివెట్లతో ఒక అల్యూమినియం రేకు కొట్టి ఉంది. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది. దాన్ని వాళ్ళు డేటా ప్లేటు అంటారు.

ఆమె వంగింది. మెడ పూర్తిగా పక్కకి తిప్పింది. జుట్టు నేలకి వేలాడేంతగా. ఒక్క క్షణం అలాగే ఆగింది. తర్వాత తల నెమ్మదిగా నిలబెట్టి, కళ్ళు తుడుచుకుని, నంబరు చదివింది.

"కళ్ళు తిరుగుతున్నాయా?"

"లేదు సార్. ఏమో. ఇవాళ ఏదీ ఉండాల్సినట్టు లేదు."

క్రెబ్స్ అదీ రాసుకున్నాడు.

*

శుక్రవారం. ఉదయం తొమ్మిదిన్నర.

లెలండ్ క్రాఫ్ ఇంట్లో దుమ్ము అనే పదార్థం లేదు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. ఒంటరి. హాల్‌స్టెడ్ క్లబ్బుకి ముప్ఫై ఏళ్ళుగా, బళ్ళ పోటీల్లో మార్కులు వేసే పెద్ద జడ్జి. రేకుల మీది అంకెలకి అర్థం చెప్పే చిన్న పుస్తకం రాశాడు. ఆరు ముద్రణలు. ఏడోది ప్రెస్‌కి వెళ్ళబోతోంది.

క్రెబ్స్ నంబరు చూపించాడు. లెలండ్ అటు చూడనైనా చూడలేదు.

"యాభై ఎనిమిది మోడల్. డబ్ల్యూ మూడు, అంటే మూడు వరసల సీట్ల వ్యాగన్. రంగు ఇరవై ఏడు, సముద్రపు పచ్చ మీద మీగడ తెలుపు. సీట్లు గోధుమరంగు. జె పదకొండు, అంటే సెప్టెంబరు పదకొండు. నెలకో అక్షరం; తొమ్మిదో నెల కాబట్టి తొమ్మిదో అక్షరం ఐ అనుకుంటారు తెలివితక్కువవాళ్ళు. ఐ అక్షరం ఒకటి అంకెలా కనిపిస్తుందని కంపెనీ దాన్ని వాడలేదు."

"బండి చూడకుండానే చెప్పేశారే."

"చూడక్కర్లేదండీ. రేకు అబద్ధం చెప్పదు. మనుషులు చెబుతారు."

క్రెబ్స్ ఆ మొహం వైపు చూశాడు. మనిషిని ఇంత శ్రద్ధగా ఎప్పుడైనా చదివి ఉంటాడా వీడు? హోమర్ ఎలా పోయాడని అడగలేదు. నొప్పి పడ్డాడా అని అడగలేదు. క్రెబ్స్ టేబుల్ మీద వంకరగా పడేసిన పెన్నుని మాత్రం లెలండ్ వేలితో నిలువుగా సర్దాడు.

"హోమర్ గరాజ్‌కి ఆఖరిసారి ఎప్పుడు వెళ్ళారు?"

"రెండు వారాలైంది."

"నిన్న పొద్దున ఎనిమిదిన్నర నుంచి పదింటి దాకా?"

"ఇక్కడే. ప్రూఫులు దిద్దుకుంటున్నా."

"చూసినవాళ్ళు?"

"ప్రూఫులు దిద్దేటప్పుడు నాకు ఎవరూ అక్కర్లేదు."

"మీకూ హోమర్‌కీ గొడవలేమైనా ఉన్నాయా?"

"గొడవా? ఆయన బండిలో ఒక తప్పు ఉండేది. ఏటా చెప్పేవాణ్ణి. ఏటా నవ్వేవాడు." లెలండ్ పెదవులు బిగిశాయి. "తప్పుని చూసి నవ్వే మనిషితో గొడవేముంటుంది లెండి."

మధ్యాహ్నం పన్నెండూ పదికి క్రెబ్స్ బడ్ వంటింట్లో హ్యామ్ సాండ్‌విచ్ తింటున్నాడు. గోడకి క్లబ్బు క్యాలెండర్లు. ఎన్నో ఏళ్ళవి. ఒక్కటీ తీసేయలేదు.

"ఆ బండి నువ్వు కొనాలనుకున్నావటగా?"

"పదకొండేళ్ళ నుంచీ అడుగుతున్నానయ్యా. నిన్న కూడా దానికే వెళ్ళా. అందుకని చంపుతానా? చస్తే ఇంకెవరిని అడగను?" బడ్ మొహం చేత్తో తుడుచుకున్నాడు. "వాడు చాలా హుషారుగా ఉన్నాడీ వారం. ఫ్యాక్టరీ పాత ఫోర్‌మన్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చిందట. శనివారం మీటింగులో చదువుతానన్నాడు. 'ఆ లెలండ్ మొహం చూడాలిరా బడ్' అని ఒకటే నవ్వు."

ఆ ఉత్తరం నెట్టీకి వంటింటి సొరుగులో దొరికింది. క్రెబ్స్ రెండుసార్లు చదివాడు. అక్కణ్ణుంచి క్లబ్బు సెక్రటరీ ఇంటికెళ్ళి పాత మార్కుల కాగితాలు తీయించాడు. పంతొమ్మిదేళ్ళవి. తర్వాత శవపరీక్ష గదికి వెళ్ళి హోమర్ ప్యాంటు అడిగాడు.

*

శనివారం. పదకొండు గంటలు.

లూథరన్ చర్చి కింది హాలు. కాఫీ డ్రమ్ము, బంగాళదుంప సలాడ్, చెర్రీ పై. మీటింగు మానలేదు వాళ్ళు. హోమర్ పేరున ఒక్క నిమిషం మౌనం పాటించారు. లెలండ్ వాచీ చూసి సరిగ్గా అరవయ్యో సెకనుకి తల ఎత్తాడు.

ముందు వరసలో నెట్టీ. పక్కన బడ్. మూడో కుర్చీలో లెలండ్. వెనక ఇరవై మంది.

క్రెబ్స్ లేచాడు.

"హోమర్‌ది యాక్సిడెంట్ కాదు," అన్నాడు. "హత్య."

కాఫీ కప్పులు ఆగిపోయాయి.

"అందరూ జాకీ వైపు చూశారు. నేను స్టాండ్ల వైపు చూశాను. గోడ వారగా ఉన్నాయి. కానీ కొమ్ములు నాలుగో పన్ను దాకా లేచి ఉన్నాయి. హోమర్ పని అయ్యాక వాటిని కిందికి దించి పెట్టేవాడని బడ్ చెప్పాడు. అంటే ఆ పొద్దున ఎవరో వాటిని పైకి లేపి బండి కింద పెట్టారు. ఆ తర్వాత ఇంకెవరో తీసేసి గోడ దగ్గర పెట్టారు."

నెట్టీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఎవరయ్యా?" అన్నాడు బడ్.

"అది నెట్టీయే చెప్పింది, తనకి తెలియకుండానే. నంబరు చదవమన్నాను. వంగి మెడ తిప్పింది. ఎందుకు? చిన్నప్పటి నుంచీ ఆ రేకుని ఆమె అలాగే చదివింది. ఆ రేకు తలకిందులుగా ఉండేది."

"అవును!" బడ్ తొడ మీద చరిచాడు. "అవున్రా దేవుడా. ఏటా మార్కులు కోసేవాడుగా ఈ లెలండ్!"

"పంతొమ్మిదేళ్ళు. ఏటా రెండు మార్కులు. కాగితాలన్నిటి మీదా ఒకటే చేతిరాత. గురువారం నేను చూసినప్పుడు మాత్రం రేకు నిటారుగా ఉంది."

లెలండ్ కదల్లేదు. చేతులు మోకాళ్ళ మీద జోడుగా ఉన్నాయి.

క్రెబ్స్ ఉత్తరం తీశాడు. "నెట్టీ వాళ్ళమ్మ మిల్డ్రెడ్ ఫ్యాక్టరీలో ఈ రేకులు కొట్టేది. హోమర్ అదే లైనులో చివర పనిచేసేవాడు. ఇద్దరూ డబ్బు కూడబెట్టి ఒక బండి కొనాలనుకున్నారు. లైనులో వందల బళ్ళు. అన్నీ ఒకటే. ఏది తమదో హోమర్‌కి తెలియాలిగా? అందుకని మిల్డ్రెడ్ ఆ ఒక్కదానికి రేకు తలకిందులుగా కొట్టింది. ఫోర్‌మన్ చూశాడు. తిట్టాడు. వదిలేశాడు. అది రాసి సంతకం పెట్టాడు. ఇక లెలండ్ గారి పుస్తకం, ముప్ఫై ఒకటో పేజీ: 'తలకిందులుగా ఉన్న ప్రతి రేకూ నకిలీ.' ఆ ఉత్తరం బయటపడితే పుస్తకం తప్పని తేలిపోతుంది."

"ఎవరైనా తిప్పి ఉండొచ్చు," అన్నాడు లెలండ్. గొంతు మామూలుగానే ఉంది. "హోమరే తిప్పుకుని ఉండొచ్చు."

"హోమర్ ప్యాంటు మీద అల్యూమినియం తురుము ఉంది. మెరుస్తోంది. నూనె అంటలేదు. పైనుంచి రాలింది. తలుపు కిందే ఆయన కాళ్ళు ఉన్నాయి. అంటే ఆయన బండి కింద ఉండగానే ఎవడో పైన నిలబడి రివెట్లు డ్రిల్ చేశాడు."

హాల్లో ఎవరో 'జీసస్' అన్నారు.

క్రెబ్స్ దగ్గర ఇంతకన్నా ఏమీ లేదు. తురుముకి పేరు ఉండదు. కోర్టులో ఏ లాయరైనా నవ్వేస్తాడు. కానీ ఎదురుగా కూర్చున్న మనిషిని అతను చదివాడు. బెదిరిస్తే బెదరడు. జాలి చూపిస్తే అర్థం కాదు. ఈ మనిషికి నొప్పి పుట్టే చోటు ఒక్కటే.

"ఎవడైనా గానీ," అన్నాడు క్రెబ్స్, తేలిగ్గా, "పనిమంతుడు కాదు. చెత్త పని. రెండు రివెట్లకి ఇరవై నిమిషాలు పట్టి ఉంటుంది. డ్రిల్లు జారి రేకు చుట్టూ పెయింటంతా గీకేశాడు. బంగారం లాంటి బండిని పాడుచేశాడు, మొద్దు చేతులవాడు."

"గీతలా?" అన్నాడు లెలండ్.

"బోలెడు."

"అబద్ధం. ఒక్క గీత లేదు. చుట్టూ టేపు అంటించి డ్రిల్ చేస్తే గీత ఎలా పడుతుంది?"

కాఫీ డ్రమ్ము ఒక్కటే గురగురలాడుతోంది.

"టేపు సంగతి నాకు తెలియదే," అన్నాడు క్రెబ్స్. "అక్కడ టేపు లేదు. ఎవరికీ తెలియదు."

లెలండ్ చుట్టూ చూశాడు. ముప్ఫై ఏళ్ళుగా తను తప్పులు దిద్దిన మొహాలు. ఒక్కదానిలోనూ తనకి చోటు లేదు.

"టేపు తీసి జేబులో పెట్టుకున్నా," అన్నాడు చివరికి. "పదకొండు నిమిషాలు పట్టింది. ఇరవై కాదు."

"స్టాండ్లు తీస్తుంటే హోమర్ ఏమీ అనలేదా?"

"ఒకటి వంకరగా ఉంది, సరిచేస్తానుండు అన్నాను. 'కానీ లెలండ్, నువ్వు సరిచెయ్యకపోతే భూమి తిరగదు' అని నవ్వాడు. ఉత్తరం సంగతి క్లబ్బులో నా చెవిన పడింది; ఇమ్మంటే ఇంకా నవ్వాడు. కింద పడుకుని నవ్వుతూనే ఉన్నాడు. వాల్వు తిప్పాను."

"తర్వాత?"

"తర్వాత చాలా నిశ్శబ్దంగా ఉంది." లెలండ్ కాసేపు ఆలోచించాడు, నిజంగానే. "పని చేసుకోవడానికి వీలుగా ఉంది."

బడ్ కుర్చీ దబ్బున వెనక్కి పడింది. "ఒరే పురుగా!" అని అరిచాడు. డెప్యూటీ పట్టుకున్నాడు.

బేడీలు వేస్తుంటే లెలండ్ క్రెబ్స్‌నే చూస్తున్నాడు.

"గీతలు లేవు కదా? మీరు ఊరికే అన్నారు కదా?"

"ఒక్కటి కూడా లేదు," అన్నాడు క్రెబ్స్. "ఆ రేకుని తలకిందులుగా వదిలేసి వెళ్ళుంటే, ఇవాళ నువ్వు ఇక్కడ చెర్రీ పై తింటూ ఉండేవాడివి. ఒక్క తప్పు వదల్లేకపోయావు."

లెలండ్ మొహంలో పశ్చాత్తాపం లేదు. ఉపశమనం ఉంది. గీతలు లేవు.

*

సోమవారం. నాలుగు గంటలు. ల్యాబు వాళ్ళు రేకుని పరీక్షించి, బండితో సహా తిరిగి ఇచ్చేశారు.

క్రెబ్స్ గరాజ్‌కి వెళ్ళేసరికి నెట్టీ డ్రిల్లు పట్టుకుని తలుపు దగ్గర మోకాళ్ళ మీద ఉంది. రేకుని మళ్ళీ తలకిందులుగా కొట్టేసింది. టేపు వేయలేదు. పచ్చరంగు మీద పొడుగాటి గీత పడింది. రేకు కూడా కొంచెం వంకరగా కూర్చుంది.

క్రెబ్స్ చెయ్యి జేబులోంచి బయటికి వచ్చింది. వేలు రేకు అంచు దాకా వెళ్ళింది. కాస్త నొక్కితే సరిపోతుంది.

అతనికి తన వేలు కనిపించింది. అసహ్యం వేసింది. చెయ్యి జేబులో పెట్టేసుకున్నాడు.

నెట్టీ వంగి, మెడ తిప్పి, జుట్టు నేలకి వేలాడుతుండగా నంబరు పైకి చదివింది. మొదటి నుంచి చివరి దాకా. తర్వాత అలాగే వంగి ఉండి అడిగింది.

"అయితే నేను పెట్టాను కదూ సార్?"

"పెట్టారు."

"రెండూ?"

"రెండూ," అన్నాడు క్రెబ్స్. "నాలుగో పన్ను దాకా."